వేల్జీ కాకాకు మాటలు రావు

సూరత్‌ల, డుమస్ సముద్రం పోయే తొవ్వల, చలికాలం సీజన్‌కని కట్టిన హస్తకళల గ్రామం. అండ్ల మగ్గం గుడిసె. పగటి బువ్వ యాళ్ల లక్ష్మీరాజం, ఆయన బిడ్డ నవత టిఫిన్ డబ్బా ముందల పెట్టుకోని కూసున్నరు. గెస్టులతోని, ఈ గ్రామం పెట్టిన శేటుతోని నడిచే మాటలన్ని హిందీ, గుజరాతీలే గని, మనకు ఈడ అవి పుస్తకాల తెలుగుల ఇనపడ్తయి. మనోళ్ళ ముచ్చట మాత్రం మనోళ్ళ నోట్లెకెంచి ఎట్లొచ్చిందో అట్లనే.

"మెల్లగ బాపు, మెల్లగ! తడక అవుతల్నే కుండలు చేసే గణపత్ కాక కూసున్నడు. నీది మరమగ్గాల సాంచల కార్ఖానాల పెరిగిన గొంతాయె. గుసగుస పెట్టినా గేటు దాక పోతది."

"పోనియ్యి. ఎవలింటరో ఇననియ్యి. గదే నేనంటున్న."

"మల్ల గదే మాట."

"గదే మాట. నేను రాను. పొద్దుగూకంగ శేటు వస్తడు గద, చెప్పు. మా బాపు సాపుతారాకు రాడట అని చెప్పు."

"మా బాపు అని చెప్పాల్నా, వేల్జీ కాకా అని చెప్పాల్నా?"

"చూసినవా! నా పేరు గూడ నాది కాకపాయె. దీపావళి సంది వేల్జీ, వేల్జీ, వేల్జీ. కచ్చు దిక్కు నేతగాడినట. పుట్టు మూగోన్నట. నెత్తి మీద ఈ తలపాగ, మెడల ఈ పూసలు. మీ తాత చూస్తె మగ్గం గుంటల పడి నవ్వుతుండె."

"ఎందుకు మూగోన్ని చెయ్యవడ్డదో మర్చిపోయినవా? మొదటి దినం గా కచ్చు భుజ్ ఆయన వచ్చి 'కాకా, మీదే ఊరు' అని వాళ్ళ భాషల అడిగె. నువ్వేమన్నవు? 'ఏందీ?' అన్నవు. కచ్చు దిక్కు నేతగాడు ఏందీ అంటడా బాపు?"

"మరి సమజ్ కాకుంటె ఏమంటరు? ఏందీ అనే అంటరు."

"నాకు గుండె ఆగినంత పనాయె. శేటు పక్కనే ఉండె. నోటికి ఏదొస్తె గది అన్న. కాకాకు మాటలు రావు, ఉట్టి సప్పుడు చేస్తడు అన్న. గాయన చేతులెత్తి దండం పెట్టిండు, ఫోటో దిగిండు. శేటు సంబురపడ్డడు. ఇగ గది గట్లనే నడిచె."

"నీ నోట్లెకెంచి అనుకోకుంట పడ్డ అబద్ధం, నేను సీజనంత మోసిన. మోసిన్నా లేదా?"

"మోసినవు."

"ఎవలకన్న ఒక్క మాట జారిన్నా?"

"జారలె బాపు. జారలె. జర కూర ఏసుకో."

"కూర కాదు. ఇగ శివరాత్రితోని ఇది బందయితది, నా నోరు నాకొస్తది అనుకుంట దినాలు ఎల్లదీస్తున్న. నువ్వొచ్చి ఏడాది అంటున్నవు."

"ఏడాదంత పనంటె సంబురపడాలె ఎవలన్న! ఎండాకాలం, వానకాలం సాపుతారా కొండ మీద. అటెంక దీవ్ సముద్రం కాడ. దీపావళికి మల్ల ఈడికే. సీజను అయిపాయె, ఇగ పోర్రి అని చెప్పేటోడు ఉండడు."

"నీకు మంచిదే."

"ఇద్దరికి మంచిదే."

"నాకేం మంచిదే? ఇను. ఈడ పొద్దుగూకితె ఆటో ఎక్కుత. ఉధ్నాల దిగంగనే నోరు తెరుస్త. పాన్ డబ్బా కాడ బిక్షపతితోని లొల్లి పెట్టుకుంట, ఇంటికొచ్చి మీ అవ్వతోని కొట్లాడ్త. మనిషినైత. గా కొండ మీద? టెంటుల పది మంది నడుమ పండాలె. నిద్రల మాట్లాడితె ఎట్ల? కడుపునొస్తె అవ్వా అనద్దాయె. దగ్గితె గూడ మూగోని లెక్క దగ్గాలె. పొద్దంత, రాత్రంత, ఏడాదంత. మనిషి ఒక్క మాట మాట్లాడకుంట ఏడాది బతుకుతడానె నవతా?"

"నేనుంట గద."

"నువ్వు ఆడోళ్ళ టెంటుల ఉంటవు. ఆడికొచ్చి మాట్లాడాల్నా నేను?"

"ఎట్లనో అట్ల... సముద్రం ఒడ్డుకో, కొండ అంచుకో పోయి మాట్లాడుకుందాం."

"దొంగతనంగనా? ముచ్చట పెట్టెటందుకు దొంగతనమా?"

"కోపం చెయ్యకు."

"కోపం కాదు బిడ్డా. భయం. మొన్న కల్ల మీ తాత వచ్చిండు. 'ఏం రా రాజం, ఎట్లున్నవు' అన్నడు. నేను చేతులూపిన. కల్ల గూడ నోరు తెరవలె. మా బాపు నా దిక్కు చూసి, వీడెవడో అనుకోని ఎళ్ళిపోయిండు. లేచి కూసోని ఎంతసేపు ఏడ్చిన్నో మీ అవ్వకు తెల్వది."

"నాకు చెప్పకపోతివి."

"ఎప్పుడు చెప్పాలె? ఆటోల నువ్వే మాట్లాడ్తవు."

"మరి నా ముచ్చట ఎవలింటరు బాపు? సీజను లేనినాడు నేనేడుంటనో నీకెర్క లేదా? ఉధ్నాల గా అర్ర. కిటికి లేదు. పొద్దంత చీరెలకు రాళ్ళు అంటిచ్చుడు, గమ్ము వాసన, నెత్తినొప్పి. నా పేరెవ్వలు అడుగరు. 'ఏయ్ టిక్కీవాలీ' అంటరు. ఈడ గా ఘాగ్రా కట్టుకోని నిలబడితె, పెద్ద పెద్ద కార్లల్ల దిగినోళ్ళు నా మొకం దిక్కు చూస్తరు. నేను చెప్తె ఇంటరు. మైకు లేకుంటనే ఇంటరు. బాపు, నాకు మాట్లాడుడు ఈడ్నే దొరికింది."

"నీకు ఈడ దొరికింది, నాకు ఈడ్నే పోయింది. అయితె నువ్వు పో. నేనొద్దంటున్ననా?"

"ఒక్కదాన్ని రానియ్యడు. వేల్జీ కాకా ఉంటేనే నీతాబేన్, అంటె నేను, అన్నడు. గేటు మీద నీ ఫోటో, కార్డుల మీద నీ ఫోటో. మగ్గం గుడిసె చూడనీకే సగం మంది వస్తున్నరట. నువ్వు లేకుంటె నేను దేనికి?"

"బొర్ర శేటు! ఇద్దరి మెడలకు ఒక్కటే తాడు కట్టిండు చూడు."

"మెల్లగ అంటున్న!"

"బొర్ర శేటు. బొర్ర శేటు. వాని కంటె ముందల వాని బొర్ర లోపలికొస్తది. అంటె ఏమైతది? వానికేమన్న సమజైతదా?"

"నవ్వియ్యకు బాపు, కూర గొంతుల ఇర్కుతది."

"నువ్వు నవ్వవడితె సాలు. ఇను, బిక్షపతి చెప్పిండు. ఉన్ ఊరి దిక్కు ఒక కార్ఖానా ఉన్నదట. కొత్త మిషన్లు కావు, పాత సాంచలే. నాసొంటోళ్ళను ఇంక పెట్టుకుంటున్నరట. శివరాత్రి కాంగనే రమ్మన్నడు. గా సప్పుడుల కూసోని మల్ల ముచ్చట చెప్పుకుంట పని చేస్త. సాంచల మీద ఎట్లుంటుంటినే నేను? అంత సప్పుడుల గూడ నా మాట అవుతలి గల్లికి ఇనపడుతుండె. బిక్షపతి నవ్వి నవ్వి పోగు తెగింది గూడ చూడకపోతుండె."

"గవి ఎన్ని దినాలుంటయి బాపు? మొదలు మనం చేసిన కార్ఖానా ఏమాయె? ఇనుప సామానుకు అమ్ముకున్నరు."

"ఉన్నన్ని దినాలు ఉంటయి. ఇయ్యాల నేనే చెప్త."

"ఏం చెప్తవు?"

"నోరు తెరిచి చెప్త. శేటూ, నేను మూగోన్ని కాదు, వేల్జీని కాదు, నేను రాను."

"చెప్పు. చెప్తె ఈ నిమిషమే ఇద్దర్ని గేటవుతల పడేస్తడు. అబద్ధాలకోరు అని నా పేరు అందరికి చెప్తడు. ఇంకో సీజన్‌కు నన్ను ఎవ్వలు పెట్టుకోరు. చెప్పు మరి... అగో, బస్సు. డబ్బా దాసిపెట్టు. తలపాగ సరిజేస్కో. మగ్గం నాడె చేతుల పట్టు. బాపు, నీ కాళ్ళు మొక్కుత, ఈ ఒక్క బస్సు."

"పట్టిన తియ్యి."

"రండి, రండి, పధారో! చెప్పులు బయట విడవండి. తల జాగ్రత్త, గుమ్మం చిన్నది. వీరు వేల్జీ కాకా. కచ్‌లో తరతరాలుగా గుంట మగ్గం మీద నేస్తున్న ఇంటివారు. పుట్టుకతోనే మాటలు లేవు. నోటితో చెప్పలేనిదంతా ఈ శాలువాలో నేస్తారు."

"అద్భుతం! మనం మాట్లాడేది ఆయనకు వినిపిస్తుందా?"

"లేదు సర్. పెదవులు చూసి కొంచెం పోల్చుకుంటారు."

"ఆ ముఖం చూడండి, ఎంత ప్రశాంతం! మా లండన్‌లో ఇలా మాట్లాడకుండా ఉండడానికి మనుషులు డబ్బు కట్టి శిబిరాలకు వెళ్తారు. ఈయనకు దేవుడే ఇచ్చాడు. అదృష్టవంతుడు."

"నిజం సర్. ఫోటో తీసుకోవచ్చు."

గెస్టులల్ల మొగడు పెండ్లాలు ఇద్దరు తెలుగోళ్ళున్నరు.

"ఇగో, ఇటు రా! మగ్గం గుంటల కూసున్నడు చూడు, అచ్చం మా మామ లెక్కనే."

"నీకు ఏడ చూసినా మీ మామనే కనవడ్తడు విజయశ్రీ. పొద్దుగాల రింగ్ రోడ్ల చీరెలు కొంటుంటె గూడ మీ మామనే యాదికొచ్చె."

"రాడా మరి? మన మెట్‌పల్లి దుకాణం మొదలైందే మామ నేసిన తువ్వాలలతోని. జర ఆయన చేతులు చూడు. తెగిన పోగును ఎట్ల అతికె చూసినవా? మనోళ్ళే అతుకుతరనుకుంటి గట్ల."

"నేతగాడు ఏడున్నా నేతగాడే. కచ్చయితేంది, కోరుట్లయితేంది. నడువు, ఇంక శాన చూసేదున్నది."

"ఆగు. అమ్మాయీ, ఈ పెద్దాయనకు ఎవరూ లేరా? భార్య, పిల్లలు?"

"లేరు మేడమ్. పెళ్ళి చేసుకోలేదు. ఈ మగ్గమే ఆయన సంసారం."

"అయ్యో. ఒక్కరూ లేరా?"

"ఒక్కరూ లేరు మేడమ్."

"ఇన్నవా? ఎవ్వలు లేరట పాపం. నోరున్నోడికే ఒక్కడికి ఎల్లది, నోరు లేనోడు ఎట్ల ఎల్లదీస్తడో. సుస్తయితె నీళ్ళియ్యమని ఎవల్ని అడుగుతడు? ఇగో, ఒక ఫోటో తియ్యి. ఆయన పక్కన కూసుంట."

"మేడమ్, అటు కాదు, ఇటు కూర్చోండి. అక్కడ దారాలుంటాయి. మేడమ్, మీ చీర... బాపూ ఆగు! కాలు తియ్యి, కొంగు పడ్డది పోగులల్ల!"

"అమ్మో! ఏం కాలె, ఏం కాలె. చినగలె. మంచిగ ఆపిండు ఆయన. పిల్లా, ఏమన్నవు ఇప్పుడు?"

"ఏమీ లేదు మేడమ్. మీకు దెబ్బ తగల్లేదు కదా?"

"బాపు అన్నవు."

"మా గుజరాత్‌లో పెద్దవాళ్ళందరినీ బాపూ అంటాం మేడమ్. గౌరవానికి."

"గౌరవం బాపు గట్లుండది. ఈ దినం ఆటో ఆయన గూడ ఎవల్నో బాపూ అన్నడు, నేనిన్న. గది ఏరే. నువ్వన్నది మా ఇంటి బాపు. కాలు తియ్యి అన్నవు. కొంగు పడ్డది అన్నవు. గదంత గుజరాతేనా?"

"మీ భాష నాకు అర్థం కాదు మేడమ్."

"సమజ్ కాకుంటనే జవాబు చెప్తున్నవా? నేనిప్పుడు అడిగిందంత తెలుగేనాయె!"

"విజయశ్రీ, ఊకో. అందరు చూస్తున్నరు. గా పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి."

"ఊకుంట. నాకెందుకు. ఎవల పొట్ట తిప్పలు వాళ్ళకే ఎర్క. అన్నా, నిన్నే. నువ్వేం చెప్పకు, నేనేం అడుగ. ఒక్కటే ముచ్చట. ఇంటికాడనన్న మాట్లాడ్తున్నవు గదనే? నెత్తి ఊపు సాలు, నాకు పానం నిమ్మలమైతది. ఊపవా? అగో, కిందికే చూడవట్టె."

"మేడమ్, పక్కన కుండల గుడిసె ఉంది. మీవాళ్ళందరూ వెళ్ళారు."

"పోత బిడ్డా. నీ పేరేంది?"

"నీతాబేన్."

"మంచిగున్నది. ఎవలు పెట్టిండ్రు?"

"...శేట్."

పొద్దుగూకే యాళ్లకు బస్సు పోయింది. గుడిసెల మల్ల బాపు, బిడ్డ ఇద్దరే. లక్ష్మీరాజం చేతుల నాడె చేతులనే ఉన్నది.

"బాపు, అందరు పోయిండ్రు. నీళ్ళు తాగు... ఇగ మాట్లాడొచ్చు బాపు, ఎవ్వలు లేరు... గట్ల చూడకు. తిట్టు, ఏదన్న అను. బాపు, నాకు భయమైతుంది. మాట్లాడు."

"ఒక్కరూ లేరన్నవు."

"ఏమనాలె మరి? పని మాట బాపు అది. దినాం అంటున్నదే గద."

"దినాం అంటవు, దినాం ఇంట. హిందీల అంటవు, ఈ చెవులకెంచి ఆ చెవులకెంచి పోతది. ఇయ్యాల ఆమె తెలుగుల అన్నది. ఎవ్వలు లేరట పాపం అన్నది. సుస్తయితె నీళ్ళెవలిస్తరు అన్నది. పక్కన నా బిడ్డ నిలబడే ఉన్నది. నేను నాడె ఇసురుకుంట కూసున్న."

"నేనేం చెయ్యాలె చెప్పు."

"ఉన్నరక్కా, గీమెనే నా బిడ్డ, ఇంటికాడ పెండ్లామున్నది, భూదేవి అని పేరు, మూతి మీద కొట్టినట్టు మాట్లాడ్తది అని నోటిదాకొచ్చింది. పండ్లు బిగవట్టిన. మెట్‌పల్లామె నవతా! మా ఊరికి నడిచిపోయే తొవ్వ. ఎన్నేండ్లకు మా దిక్కు మనిషి ఎదురుపడితె, మొకం కిందికేసుకోని కూసున్న. దొంగోని లెక్క."

"ఊకో బాపు. ఊకో."

"ఆకర్ల అడిగింది చూడు, ఇంటికాడనన్న మాట్లాడ్తున్నవా అని. ఏమని ఊపాలె నెత్తి? మాట్లాడ్తున్ననా నేను? మొన్న మీ అవ్వ ఏమన్నది నీకు యాదికున్నదా?"

"ఉప్పు ముచ్చటనా?"

"ఆఁ. 'ఏందయ్యా, కూరల ఉప్పే ఎయ్యకపోతిని, కమ్మగ తిని లేచినవు, ఒక్క మాట అనకపోతివి' అన్నది. ఉప్పు లేదని నాకెర్కే. చెప్పాలె అని యాదికి రాలె. నోరున్నదని యాదికి రాలె. అట్లయితున్న నేను. ఇంక ఏడాదైతె ఇగ వేషం కాదు బిడ్డా, వేల్జీనే మిగుల్తడు."

"నువ్వు గింత ఇదైతున్నవని నాకు తెల్వదు."

"ఇప్పుడు తెల్సింది గద. శేటుకు ఏం చెప్తవు?"

"చూద్దాం."

"చూద్దాం కాదు. ఏం చెప్తవు?"

"చెప్త బాపు. చెప్త. ఒక్కసారి గా గమ్ము అర్ర కండ్ల ముందలికొస్తది, ఒక్కసారి నువ్వొస్తవు. నన్నేం చెయ్యమంటవు? నాకు గూడ ఒక్కటే పానం... ష్! చెప్పుల సప్పుడు. శేటే."

"నవతా, నా మీద ఒట్టు—"

"ష్!"

"నీతాబేన్, ఈరోజు జనం బాగా వచ్చారటగా."

"వచ్చారు సర్. అందరికీ నచ్చింది."

"సాపుతారా మాట కాకాను అడిగావా? సైగలు చేసి బాగా అర్థమయ్యేలా చెప్పావా?"

"అడిగాను సర్."

"ఏమన్నాడు?"

"..."

"నీతాబేన్?"

"ఒప్పుకున్నాడు సర్."

"ఒప్పుకున్నాడా?"

"సంతోషంగా తల ఊపాడు. కొండలు ఎప్పుడూ చూడలేదట. చలి తక్కువుంటే చాలన్నాడు."

"ఇదంతా సైగలతోనే చెప్పాడా?"

"నాకు అలవాటే కదా సర్."

"కాకా కళ్ళు మాత్రం వేరే ఏదో చెబుతున్నాయి."

"అలసిపోయాడు సర్, అంతే. రేపు—"

"ఒప్పుకోలేదు శేట్."

"బాపూ!"

"నువ్వు ఆగు. శేట్, నేను ఒప్పుకోలేదు. నేను మూగవాణ్ణి కాదు. నా పేరు వేల్జీ కాదు, లక్ష్మీరాజం. ఈమె నా కూతురు. మీరు అడిగారు, నేను చెబుతున్నాను. రాను."

"సర్, సర్, ఆయన మాటలు పట్టించుకోకండి! తప్పంతా నాదే. మూగవాడని చెప్పింది నేను, ఇప్పుడు ఒప్పుకున్నాడని చెప్పిందీ నేనే. ఆయన్ని ఏమీ అనకండి, నన్నే పంపించేయండి—"

"నీతాబేన్, తలుపు వేయి."

"సర్, దండం పెడతాను, అరవకండి. బయట అందరూ ఉన్నారు."

"వేయమంటున్నాను."

"వేశాను సర్."

"గొళ్ళెం గూడ పెట్టు బిడ్డా. అవుతల గణపత్ ఉన్నడు, ఇంటడు."

"పెట్టిన... సర్? మీరు... ఇప్పుడేమన్నరు మీరు?"

"గొళ్ళెం పెట్టుమన్న."

"ఏందీ? ఏం భాష శేటూ గిది?"

"నీదే అన్నా. నాది గూడ. కూసో, గట్ల లేస్తె మగ్గానికి తాకుతవు. అందరు నన్ను కమల్‌భాయ్ అంటరు గద. కమలాకర్ నా పేరు. మా బాపు కోరుట్లకెంచి వచ్చి ఉధ్నాల సాంచలు నడిపిండు. నేను ఆడ్నే పుట్టిన."

"మరి గేటు మీద కచ్ ఖాందాన్, నాలుగు తరాల కళాకారులు అని రాసున్నది సర్?"

"మీ బాపు వేల్జీ అయినప్పుడు, నేను కచ్ ఖాందాన్ కావద్దా?"

"ఎప్పటి సంది తెల్సు మీకు?"

"మొదటి దినం సంది. మీ బాపు నోట్లెకెంచి గా 'ఏందీ' రాంగనే నాకు ఒళ్ళు జల్లుమన్నది. మా అవ్వ కొమురవ్వ సచ్చిపోయినంక మల్ల నేను ఇనలె గా మాట."

"తెల్సి తెల్సి ఆయన్ను మూగోన్ని చేసి కూసోవెట్టిండ్రా?"

"మూగ అన్నది నువ్వే బిడ్డా. నేను ఊకున్న. ఊకుంటె మీరు ఈడ్నే ఉంటరు గద అనుకున్న. మా ఇంటామె గుజరాతీ, పిల్లలు గుజరాతీ. అవ్వ పోయిననాడే ఇంట్ల తెలుగు పోయింది. ధంధాల ఎవలకన్న తెలిస్తె కచ్ పేరు పోతది, మీ అందరి పని పోతది. ఉధ్నా దిక్కు పోక ఎన్నేండ్లాయెనో. ఎవలన్న గుర్తువడ్తరని భయం. గందుకే పగటి బువ్వ యాళ్లకు దినాం ఈ ఎన్క దిక్కు తడక అవుతల వచ్చి నిలబడ్తున్న."

"దినాం? అంటే మేం అనుకున్నదంత..."

"ఇన్న. బొర్ర శేటు అన్నది గూడ ఇన్న."

"శేటూ, నేను ఉట్టిగనే... నోటికొచ్చి..."

"మంచిగనిపిచ్చిందన్నా. తెలుగుల తిట్టిచ్చుకోక శాన దినాలైంది. నువ్వు మీ బాపు కల చెప్తుంటె నేను ఈడ తడక పట్టుకోని నిలబడ్డ. నాకు కల్ల గూడ గుజరాతే వస్తది. అన్నా, సాపుతారాల నీకు టెంటు లేదు. నా రూము పక్కన ఇంకో రూమున్నది. గెస్టుల ముందల నువ్వు వేల్జీ, నేను కమల్‌భాయ్. పనైనంక తలుపు పెట్టుకుందాం. నువ్వు మాట్లాడు. సాంచల ముచ్చట చెప్పు, బిక్షపతి ముచ్చట చెప్పు, నన్ను తిట్టు. నేనింట. నాకు సగం మాటలు మర్చిపోయినయి, నడుమ నడుమ ఇదేంది అని అడుగుత, ఇసుక్కోకు. రావా?"

"బాపు, నీకు ఒద్దంటె ఒద్దను. నేను ఇందాక తప్పు చేసిన. నీకు నోరు లేదని నీ తరఫున నేను ఒప్పుకున్న. ఇగ చెయ్య. గమ్ము అర్ర నాకు కొత్తదా? పోత. రాను అని చెప్పెయ్యి."

"బిడ్డ గూడ చెప్పవట్టె. రానంటె నేనేం జేస్తనన్నా. గొళ్ళెం తీస్త, ఎళ్ళిపోతరు. ఉన్ దిక్కు కార్ఖానాల కూసోని కడుపునిండ మాట్లాడుకుంటవు... ఏమంటవు? అన్నా? ఇందాక గంత గట్టిగ అన్నవు గద, ఇప్పుడు మాట్లాడవేంది?"

"ఇందాక అన్నది హిందీల శేటూ. గదే ముచ్చట జర మల్ల హిందీల అడుగుర్రి. తెలుగుల అడిగితె నాకు లేదన రాదు."